110 బంధాలే ఉన్నాయా, 110 మాత్రమే కనిపించాయా: ఒక సరస్సు ఆహార జాలకం లెక్క

నేపథ్యం

ఇది ఒక మంచినీటి సరస్సుకు సంబంధించిన కేసు. ఏ సరస్సో, ఏ బృందమో తెలియకుండా గుర్తులన్నీ తీసేశాను. క్షేత్రంలో వచ్చిన అంకెలను కొద్దిగా సర్దాను. ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం జరిగినది జరిగినట్టే రాస్తున్నాను. జాతుల జాబితా చేతిలో ఉండి, వాటి మధ్య ఎన్ని ఆహార బంధాలు (ఏది దేనిని తింటుందన్న సంబంధాలు; అవన్నీ కలిసిన అల్లికే ఆహార జాలకం) ఉంటాయో చెప్పవలసి వచ్చిన వారికి ఇందులోని చిక్కులు ఎక్కడో ఒకచోట ఎదురవుతాయి.

ఆ సరస్సులోకి చాలా కాలం నత్రజని, భాస్వరం మోతాదుకు మించి చేరాయి. నీరు చిక్కని పచ్చగా మారింది. అడుగున ఆక్సిజన్ తగ్గి ఎన్నో జీవులు కనుమరుగయ్యాయి. వచ్చి చేరే నీటిని శుద్ధి చేయడం మొదలయ్యాక అవి ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. జాతులు తిరిగి వచ్చినంత మాత్రాన సరస్సు కోలుకున్నట్టు కాదని, వాటి మధ్య తిండి సంబంధాలు కూడా మళ్లీ అల్లుకోవాలని ఆ బృందం అభిప్రాయం. నా అభిప్రాయమూ అదే. అందుకే వాళ్లు చేపల పొట్టలు కోసి, కీటకాల లార్వాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏది దేనిని తింటున్నదో ఓపికగా నమోదు చేశారు.

నన్ను పిలిచే సమయానికి రెండు నిర్ణయాలు వేచి ఉన్నాయి. ఒకటి, పొట్టల పరిశీలన ఇక ఆపవచ్చా, కొనసాగించాలా అన్నది. రెండోది ఇంకా బరువైనది. సరస్సులో బాగా పెరిగిపోయిన ఒక వేట చేపను తగ్గించాలని నిర్వాహకులు అనుకుంటున్నారు. ఆ చేపను తగ్గిస్తే జాలకం తట్టుకుంటుందా అని బృందాన్ని అడిగారు.

సమస్య

బృందం చిత్తు నివేదికలో ఒక పేరా ఉంది. దాని సారాంశం ఇది: జాబితాలో 60 పేర్లు ఉన్నాయి, నమోదైన బంధాలు 110. జాతికి సుమారు 2 బంధాలు ఉంటాయనే పాత సూత్రం ప్రకారం 120 రావాలి. అంటే పని దాదాపు పూర్తయినట్టే, పరిశీలన ఆపవచ్చు.

నన్ను ఆపింది ఆ పొంతనే. ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే కారణం తెలుస్తుంది. జోయెల్ కోహెన్, ఫ్రెడరిక్ బ్రియాండ్ అనే పరిశోధకులు 1984లో, అప్పటికి ప్రచురితమైన ఆహార జాలకాలను పోగుచేసి, బంధాల సంఖ్య జాతుల సంఖ్యకు అనులోమంగా పెరుగుతుందని, జాతికి దాదాపు 2 చొప్పున ఉంటుందని చూపారు. ఆ రోజుల్లో ఉన్న సమాచారానికి అది మంచి సారమే. కానీ ఆ జాలకాల్లో చాలా వాటిని వేరే పనుల కోసం గీశారు. చేపలకు విడివిడిగా పేర్లు ఉంటాయి, నాచులన్నీ కలిసి ఒకే పేరు. పెద్ద జంతువుల తిండి వివరంగా ఉంటుంది, చిన్నవాటి తిండి ఒక్క గీతతో ముగుస్తుంది. 1991లో గ్యారీ పోలిస్ ఒక ఎడారి జాలకాన్ని వివరంగా పరిశీలించి, పుస్తకాల్లోని జాలకాలు నిజమైన వాటికంటే ఎంత పలుచగా ఉన్నాయో గట్టిగా చెప్పాడు. అదే ఏడాది నియో మార్టినెజ్ అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉన్న లిటిల్ రాక్ సరస్సు జాలకాన్ని 182 పేర్లతో ప్రచురించాడు. అందులో జాతికి 2 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బంధాలు ఉన్నాయి.

కాబట్టి 110 అన్న లెక్క 120కి దగ్గరగా రావడం, పని పూర్తయిందనడానికి సాక్ష్యం కాదు. అరకొరగా చూసిన జాలకాల నుంచి పుట్టిన సూత్రం, అరకొరగా చూసిన మరో జాలకంతో పొసిగి ఉండవచ్చు. అలా జరిగిందో లేదో తేల్చాలంటే సూత్రాలకంటే ముందు మూల సమాచారం చూడాలి.

పట్టికలోకి తొంగిచూస్తే

బృందం ముందుగా నాకు పంపినది సున్నాలు, ఒకట్లతో ఉన్న పట్టిక. తినేవి అడ్డ వరుసల్లో, తినబడేవి నిలువు వరుసల్లో. నేను దాన్ని పక్కన పెట్టి, పొట్టల పరిశీలనలో నేరుగా రాసుకున్న కాగితాలు అడిగాను. పట్టికలోని సున్నా రెండు వేర్వేరు సంగతులు చెప్పవచ్చు: చూశాం, తినడం లేదు, లేదా చూడనే లేదు. ఆ తేడా కాగితాల్లోనే దొరుకుతుంది.

దొరికింది కూడా. 60 పేర్లలో 22 నాచుల వంటి ఉత్పత్తిదారులు, కుళ్లు పదార్థం వంటివి; అవి ఎవరినీ తినవు. తినేవి 38. వాటిలో చేపల వరుసలు నిండుగా ఉన్నాయి, చాలా చేపలకు ఎనిమిది, తొమ్మిది ఆహారాలు. జంతు ప్లవకాలు (నీటిలో తేలే చిన్న చిన్న జంతువులు), పురుగుల వరుసల్లో చాలా వాటికి ఒక్కటంటే ఒక్కటే. ఒక దోమజాతి లార్వా పొట్ట స్లైడును అక్కడి పరిశోధకురాలు నాకు చూపించారు. గాజులా మెరిసే డయాటమ్ (సిలికా పెంకు ఉండే సూక్ష్మ నాచు) పెంకులు స్పష్టంగా ఉన్నాయి, వాటి గీతలు లెక్కపెట్టి జాతి కూడా చెప్పవచ్చు. వాటి చుట్టూ ఉన్నదంతా గోధుమరంగు జిగురు ముద్ద. కాగితంలో ఆ లార్వా ఎదురుగా ‘డయాటమ్’ అని మాత్రమే ఉంది. సిలికా పెంకు జీర్ణం కాదు కాబట్టి డయాటమ్ కనిపించింది. మెత్తని సూక్ష్మ జలజీవి అయిన రోటిఫర్‌నో, ఏకకణ జీవినో తిని ఉంటే దాని ఆనవాలు ఆ ముద్దలో కలిసిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. మొదటి జాబితాలో పేర్లు 60 కావు, అంతకంటే తక్కువ. ‘చిన్న నాచు’ అనే ఒకే పేరు కింద ఎన్నో జాతులు కట్టకట్టి ఉండేవి. నా కంటే ముందే బృందం ఆ ముద్దను విడదీసి 60కి తెచ్చింది. విడదీసేటప్పుడు ముద్దకున్న బంధాలను అందులోని ప్రతి జాతికీ నకలు చేయకుండా, జాతి స్థాయిలో సాక్ష్యం ఉన్న బంధాలనే ఉంచింది. అది సరైన నిర్ణయం. నకలు చేసి ఉంటే లేని బంధాలు ఒక్కసారిగా పుట్టుకొచ్చేవి. అయితే దాని ఫలితంగా జాతుల సంఖ్య పెరిగింది, బంధాల సంఖ్య దాదాపు అలాగే ఉండిపోయింది. జాతికి 2 అనే నిష్పత్తి దగ్గరికి 110 వచ్చి వాలడానికి ఇది కూడా ఒక కారణం.

ప్రయత్నించినవి, పనికిరానివి

బృందంలో గణితం బాగా తెలిసిన యువ పరిశోధకుడు వెంటనే రెండో సూత్రాన్ని తెచ్చాడు. మార్టినెజ్ 1992లో ప్రతిపాదించినది: సాధ్యమయ్యే జతల్లో నిజంగా బంధం ఉన్నవి ఎప్పుడూ ఒక స్థిరమైన వాటా, దాదాపు 0.14. 60 జాతులకు సాధ్యమయ్యే జతలు, తన జాతినే తినడం కూడా కలుపుకొని, 60ని 60తో గుణిస్తే 3600. అందులో 0.14 వంతు 504. ఆ అంకె చూసి గదిలో ఆందోళన మొదలైంది. నిన్నటిదాకా పని పూర్తయిందని అనుకున్నవారికి ఇప్పుడు దాదాపు 400 బంధాలు మాయమైనట్టు కనిపించింది. సరస్సు ఇంకా జబ్బుగానే ఉందని నివేదిక మార్చాలా అని ఒకరు అడిగారు.

అక్కడ నేను గట్టిగా అడ్డుపడ్డాను. 504 అనేది ఒకే అంకె, దాని చుట్టూ ఎంత ఊగిసలాట ఉందో సూత్రం చెప్పదు. నిజమైన జాలకాల్లో ఆ వాటా 0.14 దగ్గరే నిలకడగా ఉండదు, చాలా విస్తారంగా మారుతుంది. పైగా తక్కువ జాతులున్న జాలకాల్లో ఈ సూత్రం అసాధ్యమైన జవాబులిస్తుంది. 5 జాతులకు 25లో 0.14 వంతు అంటే 3.5. అయిదు జాతులు ఒకే జాలకంగా కలిసి ఉండాలంటే కనీసం 4 బంధాలు కావాలి. తనకు తానే సాధ్యం కాని జవాబు ఇచ్చే సూత్రంతో, ఒక సరస్సు ఎంత నష్టపోయిందో కొలవలేం.

తరువాత ఘాత సూత్రం. బంధాలు జాతుల సంఖ్య యొక్క ఏదో ఒక ఘాతానికి అనులోమంగా పెరుగుతాయని అనుకొని, రెండువైపులా లాగరిథమ్ తీసి గీత గీయడం. పోల్చదగిన మరికొన్ని సరస్సుల సమాచారం బృందం దగ్గర ఉంది. దానికి సరిపెడితే ఘాతం సుమారు 2.1, గుణకం 0.066 వచ్చాయి. 60 జాతులకు దాదాపు 357. ఈ జవాబు మధ్యేమార్గంగా ఉండటంతో అందరికీ నచ్చింది.

నచ్చడం వేరు, నమ్మడం వేరు. అదే గీతను సరస్సు అంచున ఉన్న, 10 పేర్లు మాత్రమే దొరికిన చిన్న మడుగుకు వర్తింపజేశాం. 8 బంధాలు వచ్చాయి, కనీసం 9 ఉండాలి. ఘాతం 2 దాటిందంటే మరో చిక్కు ఉంది. జాతులు పెరిగేకొద్దీ బంధాలున్న జతల వాటా కూడా పెరుగుతూ పోతుందని దాని అర్థం. ఏ జీవీ లెక్కలేనన్ని రకాలను తినజాలదు, నోటి వెడల్పు, వేటాడే తీరు, ఉండే చోటు అడ్డుపడతాయి. ఆ ఘాతం ప్రకృతి గురించి చెబుతోందా, లేక ఎక్కువ జాతులున్న సరస్సులను ఎక్కువ శ్రమతో పరిశీలించారన్న సంగతిని చెబుతోందా? పట్టికలు చూస్తే రెండోదే ఎక్కువగా కనిపించింది. అందుకే 357 దగ్గర ఆగలేదు.

గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో 1984లో ఇచ్చిన అంచనా పద్ధతిని కూడా వాడాం. దాన్ని జాతుల లెక్కకు తయారు చేశారు. ఇక్కడ ఒక్కో బంధాన్ని ఒక జాతిగా, ఒక్కో పొట్టను ఒక నమూనాగా తీసుకుంటే సరిపోతుంది. ఒకే ఒక్కసారి కనిపించినవి ఎక్కువగా, రెండుసార్లు కనిపించినవి తక్కువగా ఉంటే, ఒక్కసారీ కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయన్నది దాని తర్కం. మన 110లో 48 బంధాలు ఒక్కసారే కనిపించాయి, 12 రెండుసార్లు. 48ని వర్గం చేసి, 12కి రెట్టింపైన 24తో భాగిస్తే 96. మొత్తం 206.

ఈ ఒక్క లెక్కతోనే మొదటి నిర్ణయం తేలిపోయింది: పరిశీలన ఆపకూడదు. నమోదైన బంధాల్లో దాదాపు సగం ఒకే పొట్ట మీద ఆధారపడి నిలిచి ఉన్నాయి. కానీ 206ని జవాబుగా తీసుకోవడానికి నేను ఒప్పుకోలేదు. అది కనీస అంచనా మాత్రమే. మన పద్ధతికి అరుదుగా చిక్కేవాటిని అది లెక్కలోకి తెస్తుంది, అసలే చిక్కనివాటిని తేలేదు. ఆ గోధుమరంగు ముద్దలో ఏముందో ఎన్ని లార్వాలను కోసినా సూక్ష్మదర్శిని చెప్పదు.

హద్దులను గౌరవించే నమూనా

ఇంతదాకా వచ్చాక మనకు కావలసినది ఏమిటో స్పష్టమైంది. సాధ్యమైన హద్దులు దాటని సూత్రం, ఒకే అంకెకు బదులు ఒక వ్యాప్తిని ఇచ్చే సూత్రం. అలాంటిది 2020లో ఆర్థర్ మెక్‌డొనాల్డ్, ఫ్రాన్సిస్ బాన్‌విల్, తిమొతే పోయిసో ప్రచురించారు. దాని ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. జాతులు 60 అయితే, అన్నీ ఒకే జాలకంలో ఉండటానికి కనీసం 59 బంధాలు తప్పనిసరి. గరిష్ఠం 3600. కాబట్టి ఆ 59ని ముందే పక్కన పెట్టేయాలి, అవి ఎలాగూ ఉంటాయి. అంచనా వేయవలసింది మిగిలిన 3541 అవకాశాల్లో ఎన్ని నిజమవుతాయన్నదే. ఒక్కో అవకాశం నిజమయ్యే సంభావ్యత అన్ని జాలకాల్లోనూ ఒకటే కాదు, జాలకాన్ని బట్టి మారుతుంది. ఆ మార్పును బీటా-బైనామియల్ అనే గణాంక విభాజనం పట్టుకుంటుంది. వాళ్లు 255 జాలకాల నుంచి ఆ సంభావ్యత సగటు 0.086గా, అది సగటు చుట్టూ ఎంత గట్టిగా గుమిగూడుతుందో చెప్పే పరామితి 24.3గా అంచనా వేశారు.

మన సరస్సుకు లెక్క కడితే 3541లో 0.086 వంతు దాదాపు 305, దానికి 59 కలిపితే 364. అంతకంటే ముఖ్యమైనది వ్యాప్తి. పదింట తొమ్మిది వంతుల నమ్మకంతో చెప్పాలంటే సుమారు 120 నుంచి 740 దాకా. ఇంత వెడల్పు అంచనా ఎందుకు పనికొస్తుందని నిర్వాహకుల తరఫున ఒకరు అడిగారు. నా జవాబు: జాతుల సంఖ్య ఒక్కటే తెలిసినప్పుడు నిజాయితీగా చెప్పగలిగింది అంతే. ఆ వెడల్పులో కూడా ఒక సమాచారం ఉంది. మనకు దొరికిన 110 ఆ వ్యాప్తికి దిగువ అంచును కూడా అందుకోలేదు. జాలకం నిజంగానే అంత పలుచగా ఉండే అవకాశం లేకపోలేదు గానీ చాలా తక్కువ. పాత సూత్రం పని పూర్తయిందని ధైర్యం చెప్పిన చోటే, ఈ నమూనా వెనక్కి వెళ్లి చూడమంటోంది.

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వచ్చింది. తినేవి 38 మాత్రమే కదా, గరిష్ఠాన్ని 3600కి బదులు 38ని 60తో గుణించి 2280గా తీసుకుంటే వ్యాప్తి ఇరుకవుతుంది కదా అని. జీవశాస్త్రం ప్రకారం అది నిజమే. కానీ 0.086 అన్న విలువను అంచనా వేసినప్పుడు హరంలో జాతుల సంఖ్య వర్గం ఉంది. ఉత్పత్తిదారుల ఖాళీ వరుసలు కూడా ఆ హరంలో కలిసే ఉన్నాయి, వాటి వల్లే ఆ విలువ అంత తక్కువగా వచ్చింది. హరాన్ని మార్చి పాత విలువనే ఉంచితే ఒకే సంగతిని రెండుసార్లు తీసివేసినట్టవుతుంది, అంచనా అకారణంగా కిందికి పడుతుంది. హరం మార్చాలంటే ఆ 255 జాలకాల్లోనూ ఉత్పత్తిదారులను గుర్తించి పరామితులను మళ్లీ అంచనా వేయాలి. ఆ పని అప్పుడు చేసే వీలు లేదు. అందుకే నమూనాను అది పుట్టిన రూపంలోనే వాడాం. ఇతరులు ఇచ్చిన పరామితిని తీసుకునేటప్పుడు దాని హరాన్ని కూడా తీసుకోవాలని నేను ప్రతి బృందంతోనూ పట్టుబడతాను.

వ్యాప్తిని కుదించిన పని

120 నుంచి 740 అన్న వెడల్పును తగ్గించాలంటే సరస్సు నుంచే సాక్ష్యం కావాలి. మనకు కనిపించినవి 110 అని తెలుసు. ఉన్నవాటిలో ఎంత భాగం మన కంటికి చిక్కుతుందో తెలిస్తే మొత్తం చెప్పవచ్చు. ఆ భాగాన్ని కొలవడానికి ఒక దారి దొరికింది. పక్కనే ఇంకా బాగా పరిశోధించిన సరస్సు ఉంది, రెండింటిలోనూ ఉమ్మడి జాతులు చాలా ఉన్నాయి. ఆ ఉమ్మడి జాతుల మధ్య అక్కడ పదేపదే రుజువైన బంధాలు 150. వాటిలో మన సరస్సు పరిశీలనలో కనిపించినవి 54. అంటే 36 శాతం. 110ని 0.36తో భాగిస్తే దాదాపు 305. నమూనా చిన్నది కాబట్టి ఊగిసలాట కలుపుకొంటే 250 నుంచి 390.

ఈ లెక్కలో రెండు వాలులు ఉన్నాయి, అవి ఒకదానికొకటి ఎదురుగా లాగుతాయి. రుజువైన బంధాలు సాధారణంగా తేలికగా కనిపించేవే, కాబట్టి మిగతా బంధాలను పట్టే శాతం 36 కంటే తక్కువ ఉండవచ్చు. అప్పుడు అసలు సంఖ్య ఇంకా పెద్దది. మరోవైపు, ఒక సరస్సులో ఒకదాన్ని ఒకటి తినే రెండు జాతులు ఇంకో సరస్సులో ఎదురుపడకపోవచ్చు. ఒకటి నీటి పైపొరలో, మరొకటి అడుగు బురదలో ఉంటే బంధమే ఉండదు. అప్పుడు అసలు సంఖ్య చిన్నది. ఏ వాలు బలమైనదో కాగితం మీద తేలదు. అయినా నమూనా ఇచ్చిన 364, ఈ దారిలో వచ్చిన 305, రెండూ పూర్తిగా వేర్వేరు సమాచారం నుంచి వచ్చి ఒకే ప్రాంతంలో కలిశాయి. మొదట 110, 120 కలిసినప్పుడు రెండింటిలోనూ ఒకే లోపం ఉండవచ్చన్న అనుమానం ఉంది. ఇక్కడ ఆ అనుమానానికి అంత తావు లేదు.

మిగిలిన డబ్బును ఎక్కడ ఖర్చు చేయాలన్నది తరువాతి ప్రశ్న. మామూలు అలవాటు ప్రకారం అయితే మరిన్ని చేపల పొట్టలు కోసేవారు, అవి కోయడం తేలిక. నేను వరుసల వారీగా ఖాళీలను చూడమన్నాను. చేపల వరుసల్లో కొత్త పొట్ట కోసినా కొత్త బంధం దాదాపు రావడం లేదు. జంతు ప్లవకాలు, లార్వాల వరుసల్లో ప్రతి కొత్త నమూనా కొత్త బంధాన్ని తెస్తోంది. కాబట్టి శ్రమంతా అటు మళ్లించాం. మెత్తని ఆహారం కోసం పొట్టలోని పదార్థం డీఎన్ఏను చదివించాం. డీఎన్ఏ ఉన్నంత మాత్రాన తిన్నట్టు కాదు, తినబడిన జీవి పొట్టలోనిది కూడా అందులో కనిపించవచ్చు. అందుకని ఒకే ఒక్క నమూనాలో దొరికిన వాటిని అనుమానం కింద వేరుగా ఉంచాం. రాత్రిపూట వలలు వేయించాం, ఎందుకంటే చాలా జంతు ప్లవకాలు చీకటి పడ్డాకే పైకి వస్తాయి, వాటిని తినేవి కూడా అప్పుడే కదులుతాయి. చేపల్లో మాత్రం ఒక్క మార్పు చేశాం. పెద్దవాటిని వదిలేసి పిల్లలనే పరిశీలించాం.

ఆ చివరి మార్పే రెండో నిర్ణయాన్ని తలకిందులు చేసింది. వేట చేప అన్న పేరు పెద్దదాన్ని చూసి పెట్టినది. దాని పిల్ల వేలెడంత ఉన్నప్పుడు జంతు ప్లవకాలైన డాఫ్నియాలను, కోపిపాడ్‌లను, లార్వాలను తింటుంది. పాత పట్టికలో ఆ వరుసలో చిన్న చేపలు మాత్రమే ఉన్నాయి. కొత్త పట్టికలో అదే వరుస జాలకం అడుగు అంతస్తుల దాకా దిగింది. తన పిల్లలను తానే తినే బంధం కూడా నమోదైంది.

ఫలితం

కొత్త పరిశీలన ముగిసేసరికి నమోదైన బంధాలు 243. ఒక్కసారి కనిపించినవి 52, రెండుసార్లు 26. చావో పద్ధతిలో కనీస అంచనా 295. పక్క సరస్సులో రుజువైన 150 బంధాల్లో ఈసారి 108 కనిపించాయి, అంటే 72 శాతం. 243ని 0.72తో భాగిస్తే దాదాపు 338. మొదటి విడతలో పట్టిన భాగం 36 శాతమే అయినా 305 అని చెప్పింది, రెండో విడతలో 72 శాతం పట్టి 338 అని చెప్పింది. చూసే శ్రమ రెట్టింపైనా అంచనా పెద్దగా కదలకపోవడం నాకు అన్నింటికంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది. రెండు వాలులకు చోటిచ్చి, నివేదికలో 290 నుంచి 420 వరకు అని, మధ్య విలువ సుమారు 340 అని రాశాం.

ఈ తేడా నిర్వాహకులకు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి రాబర్ట్ మే 1972లో చూపిన సంగతి సాయపడింది. యాదృచ్ఛికంగా అల్లిన వ్యవస్థలో జాతులు, బంధాల వాటా పెరిగేకొద్దీ, వ్యవస్థ నిలకడగా ఉండాలంటే ఒక్కో బంధం సగటు బలం తక్కువగా ఉండాలి. అనుమతించదగిన బలం బంధాల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. 110 నుంచి 340కి వెళితే ఆ హద్దు 0.57 వంతుకు పడిపోతుంది. నిజమైన ఆహార జాలకాలు యాదృచ్ఛికమైనవి కావు, అందుకే ఆ హద్దును సరస్సుకు నేరుగా అన్వయించలేదు. కానీ చిత్తు నివేదికలో నిలకడ మీద రాసిన వాక్యాలన్నీ 110ని నమ్మి రాసినవి. వాటిని తీసేయక తప్పలేదు.

వేట చేప విషయంలో, దాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే రెండు చిన్న చేపల మీదే ప్రభావం ఉంటుందన్న పాత వాక్యం పోయింది. విడతలుగా తగ్గించాలని, ప్రతి విడత తర్వాత జంతు ప్లవకాలను లెక్కించాకే ముందుకు వెళ్లాలని కొత్త సిఫారసు వచ్చింది. పరిశీలన ఆపవచ్చన్న పేరా కూడా తొలగింది.

ఈ కేసు నుంచి నేను వెంట తీసుకెళ్లినవి

ఇప్పుడు ఏ బృందం పట్టిక పంపినా, సున్నాను రెండుగా విడదీయమని ముందే అడుగుతున్నాను: వెతికినా దొరకనిది ఒక గుర్తుతో, వెతకనిది మరో గుర్తుతో. ఈ ఒక్క అలవాటు ఉండి ఉంటే ఆ మొదటి పేరా రాసేవారే కాదు.

జాతుల సంఖ్య నుంచి బంధాల సంఖ్యను ఊహించే సూత్రాన్ని తీర్పుగా కాక, మొదటి నమ్మకంగా వాడాలన్నది నా అభిప్రాయం. పరిశీలన మొదలుకాకముందే దాన్ని లెక్కకట్టి పెట్టుకుంటే, ఎంత శ్రమ పడవలసి ఉంటుందో ముందుగా తెలుస్తుంది. పరిశీలన అయ్యాక సరిపోల్చుకొని సంతోషించడానికి వాడితే అది మన లోపాలనే మనకు మెచ్చుకోలుగా తిరిగి ఇస్తుంది. కనీసం, గరిష్ఠం అన్న హద్దులను పరీక్షించడం చాలా చవకైన పని. ఏ సూత్రాన్నయినా 5 జాతులకు, 10 జాతులకు వేసి చూస్తే క్షణాల్లో దాని బలహీనత బయటపడుతుంది. అయినా ఆ పరీక్ష చేసేవారిని అరుదుగా చూశాను.

బంధం అంటే ఏది అన్న ప్రశ్నను ఈ కేసులో మేము పూర్తిగా తేల్చలేదు. పిల్ల చేపను, పెద్ద చేపను ఒకే పేరు కింద ఉంచాం. అవి తినేవి, వాటిని తినేవి వేరు కాబట్టి రెండు పేర్లుగా విడదీయాలన్న వాదన బలమైనదే. విడదీస్తే జాతుల లెక్క, బంధాల లెక్క రెండూ మారతాయి, ఇతర జాలకాలతో పోల్చడం కష్టమవుతుంది. పోలిక ముఖ్యం కాబట్టి ఒకే పేరు ఉంచాం, ప్రతి బంధం పక్కన ఏ వయసులో అన్నది రాశాం.

పరాన్నజీవులను కూడా లెక్కలోకి తీసుకోలేదు. వాటిని చేర్చిన జాలకాల్లో బంధాల్లో ఎక్కువ భాగం వాటికి సంబంధించినవేనని 2006లో కెవిన్ లాఫర్టీ బృందం చూపింది. అందుకని 290 నుంచి 420 అన్న అంచనా పక్కనే, అది స్వేచ్ఛగా జీవించే జాతుల మధ్య బంధాలకు మాత్రమే వర్తిస్తుందని రాయించాను. చేపలు ఎలాగూ కోస్తున్నారు కాబట్టి, వచ్చే విడత నుంచి పేగుల్లోని పురుగులను పారేయకుండా విడిగా సీసాల్లో దాచాలని బృందం నిర్ణయించింది.